గాజీ ఇంటి తొమ్మిది తరాలు

అబ్దుల్ హమీద్ తన చేత్తో నాకు గహ్వా పోసి ఇచ్చాడు. పంతొమ్మిదేళ్లలో అది మొదటిసారి.

"కూర్చో తమ్ముడూ" అన్నాడు.

అప్పటిదాకా నేను అతనికి యల్లాని. ఎల్లన్న అనే పేరు వాళ్ల నోళ్లలో అలా అరిగింది. అరబీలో యల్లా అంటే పద, కానియ్ అని. నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు, తరిమినట్టే. దాని మీద వాళ్లు పంతొమ్మిదేళ్లు నవ్వుకున్నారు. అలాంటివాడు తమ్ముడూ అన్నాడంటే నాతో అవసరం పడిందని తెలిసిపోయింది. గహ్వా అంటే వాళ్ల కాఫీ. తాగాను. ఇక చాలు అనడానికి వాళ్లు ఖాళీ గిన్నెను ఊపుతారు. నేను ఊపలేదు. మళ్లీ పోశాడు. మళ్లీ తాగాను. పోయనీ అనుకున్నాను.

అతను నా కఫీల్, నాకు పూచీ ఉన్న యజమాని. నా వీసా, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా, నేను ఊరికి పోవాలంటే కావలసిన ఎగ్జిట్, అన్నీ అతని ఫోన్లో ఉంటాయి. ఇల్లు హఫర్ అల్ బాతిన్‌లో. ఆ ఊరి నుంచి వాయవ్యంగా పాత పైపులైను రోడ్డు వెంబడి నూట నలభై కిలోమీటర్లు పోయి, ఉత్తరానికి తిరిగి మట్టిదారిలో ఇంకో ముప్పై పోతే గొర్రెల దొడ్డి వస్తుంది. నాలుగు వందల గొర్రెలు, నేను. ఇంకా ఉత్తరానికి పోతే పెద్ద ఇసుక కట్ట, కంచె. కంచె అవతల ఇరాక్. అక్కడికి ఎవరూ పనిలేకుండా రారు.

అతని అవసరం ఇది. వాళ్ల వంశం వాళ్లు పుస్తకం రాయిస్తున్నారు. ఈ సరిహద్దు నేల మీద ఏ బావి ఎవరు తవ్వారు, ఏ పల్లంలో మేత ఎవరిది, ఎవరి కొడుకు ఎవరు, అన్నీ అందులో ఉంటాయి. నవ్వాఫ్ అనే బడిపంతులు రాస్తున్నాడు. ప్రతి ఇంటివాళ్లూ పెద్దల ముందు తమ తరాలు చెప్పాలి. పెద్దలు ఒప్పుకుంటే ఆ ఇల్లు సొంత కొమ్మగా పుస్తకంలో ఎక్కుతుంది. ఒప్పుకోకపోతే ఇంకో ఇంటి కింద 'చేరినవాళ్లు' అని ఒక్క ముక్క రాస్తారు. ఎవరి రక్తమో తెలియదని దాని అర్థం. ఆ మాట పడ్డ ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు.

అబ్దుల్ హమీద్ తాత పేరు మత్‌లఖ్. ఆయన మీద ఆ అనుమానం ఎప్పటినుంచో ఉంది. పదేళ్ల వయసులో ఒంటరిగా ఉత్తరం నుంచి వచ్చాడట. ఎవరి కొడుకో చూసినవాళ్లు లేరట. దాయాదులు ఇప్పుడు ఆ మాటను మళ్లీ పైకి తీశారు.

జవాబు అబ్దుల్ హమీద్ తండ్రి గాజీ దగ్గర ఉండేది. గాజీ చనిపోయి రెండేళ్లు. ఆయనకు చదువు రాదు. తొమ్మిది తరాలూ నోట్లోనే ఉండేవి. కొడుక్కి చెప్పబోతే కొడుకు ఫోన్ చూసుకునేవాడు. అందుకని ముసలాయన నాకు చెప్పాడు. ఇప్పుడు ఆ తరాలు నా నోట్లో తప్ప భూమి మీద ఇంకెక్కడా లేవు.

"శుక్రవారం సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత కూర్చుంటారు" అన్నాడు అబ్దుల్ హమీద్. "నాన్న నీకు చెప్పినట్టే చెప్పు. నీకేం కావాలో అడుగు."

ఆలోచించుకుంటానన్నాను. అప్పుడు గిన్నె ఊపాను.

ముసలాయన నాకే ఎందుకు చెప్పాడంటే, అది నా కులవృత్తి కాబట్టి.

మాది మెట్‌పల్లి పక్కన పల్లె. కులం పిచ్చకుంట్ల. ఆ పేరు బాగాలేదని సర్కారు వంశరాజ్ అని మార్చింది. పేరు మారినా పళ్లెంలోకి కొత్తగా ఏం రాలేదు. కాపుల ఇండ్లకు గోత్రాలు చెప్పడం మా పని. పంట చేతికొచ్చే రోజుల్లో మా నాయన ఊరూరూ తిరిగేవాడు. వాకిట్లో నిలబడి ఆ ఇంటి మూలపురుషుడి నుంచి మొన్న పుట్టిన పిల్ల దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. ప్రతి పేరుకూ ఒక గుర్తు ఉండేది. వాగులో బండి బోల్తా పడితే ఎద్దులను వదిలి ముసలమ్మను పట్టుకున్నవాడు. అన్న చచ్చిన మర్నాడే గెట్టు జరిపినవాడు. మంచి గుర్తుకు ఇంకో చేటెడు వడ్లు పోసేవాళ్లు. చెడ్డ గుర్తు తీసెయ్యమని బస్తా పోస్తామన్నా నాయన తీసేవాడు కాదు. ఒక్క గుర్తు తీస్తే తక్కిన పేర్లన్నీ అబద్ధమవుతాయి అనేవాడు. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. బడిలో నేర్చింది మరిచిపోయాను. నాయన తిట్టి నేర్పింది మరవలేదు.

మా ఇండ్లల్లో ఒక కట్టుబాటు ఉంది. ఊరందరి తరాలు మేం చెబుతాం, మా తరాలు చెప్పడానికి ఎవరూ రారు. అందుకని మా ఇంటి కోడలు చనిపోతే, పదకొండో రోజున ఆమె పేరును మొగుడే తన నోటితో వంశంలో చేర్చాలి. ఆమె పేరు, పుట్టింటి పేరు, ఒక గుర్తు. మొగుడు బతికుండగా ఇంకెవరూ చెప్పకూడదు. పదకొండో రోజు దాటితే చేర్చడం ఉండదు. ఆ మనిషి మా ఇంటికి రానట్టే లెక్క. మా అమ్మ పేరు మా నాయన చేర్చాడు. 'మూడు కాన్పులూ బాటలోనే చేసుకున్న లచ్చవ్వ' అన్నాడు. ఆ మాట అన్నాక గానీ ఆయన అన్నం ముట్టలేదు.

చలికాలం వస్తే గాజీ హఫర్‌లో ఉండలేకపోయేవాడు. దొడ్డి దగ్గర గుడారం వేయించుకుని మూడు నెలలు అక్కడే. కాళ్లు చచ్చుబడ్డాయి. నేనే లేపేవాణ్ని, నేనే కడిగేవాణ్ని. మధ్యాహ్నం గొర్రెలు ఎండకు ఒకదాని కింద ఒకటి తల దూర్చి నిలబడ్డప్పుడు ఇద్దరికీ పని ఉండేది కాదు. గొర్రెల పనికి ముందు ఏం చేసేవాడివని ఒకసారి అడిగాడు. చెప్పాను. ముసలాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"అయితే నువ్వు రావీవి. రావీతో నేను పేడ ఎత్తిస్తున్నాను" అన్నాడు.

వాళ్లలో తరాలు చెప్పేవాణ్ని రావీ అంటారు. ఆ తర్వాత కూడా పేడ నేనే ఎత్తాను. కానీ ఆ రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆరు చలికాలాలు చెప్పాడు.

నేలను చూపిస్తూ చెప్పేవాడు. పికప్‌లో ముందు సీట్లో కూర్చోబెట్టి నేను నడిపేవాణ్ని. ఎక్కడ ఆపాలో వేలితో చూపేవాడు. దక్షిణాన దహనా, ఎర్ర ఇసుక. ఏడేళ్లు వాన లేకపోతే ఉన్న ఒక్క ఒంటె మీద తల్లిని ఎక్కించి తాను నడిచి ఆ ఇసుక దాటి వచ్చినవాడు ఫల్లాహ్. మొదటివాడు. ఉత్తరాన చెప్పులు కోసేసే రాతినేల. అక్కడ రాయి పగలగొట్టి నలభై నిలువుల బావి తవ్వినవాడు నాహిస్. దాహంతో వచ్చిన శత్రువుకు ముందు నీళ్లిచ్చి తర్వాత పేరడిగినవాడు సనద్. ఆ బావులు చాలావరకు పూడిపోయాయి. కొన్నిటి మీద రాళ్లు పేర్చి ఉంటాయి. కొన్ని చోట్ల ఏమీ ఉండదు. ముసలాయన మాత్రం అక్కడ కిటికీ దించి కిందికి చూసేవాడు, నీళ్లు కనపడుతున్నట్టు.

దుగైమ్ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు. దుగైమ్ మత్‌లఖ్‌కు తండ్రి. బావి ఎండిపోతే జబ్బుపడ్డ తమ్ముణ్ని గట్టు మీద వదిలి మంద తోలుకుపోయినవాడు. ఇది కూడా చెప్పాలా అని అడిగాను.

"మంచి ఒక్కటే చెప్పేవాడు పొగిడేవాడు. అన్నీ చెప్పేవాడు రావీ" అన్నాడు.

మా నాయన మాటను అరబీలో విన్నాను. అందుకే ఆ ముసలివాడంటే నాకు ఇష్టం ఏర్పడింది. అది నా తప్పు.

ఆ ఆరింటిలో నాలుగో చలికాలం. నా భార్య జయ ఒక మంగళవారం పొద్దున చనిపోయింది. కూలికి పోయి పసుపు తవ్వుతూ చేనులోనే పడిపోయింది. నలభై ఆరేళ్లు. దొడ్డి దగ్గర నా ఫోన్‌కు సిగ్నల్ రాదు. అందుకని మా ఇంట్లో కఫీల్ నంబరు కూడా ఇచ్చి పెట్టాను. మా అమ్మాయి స్వర్ణ అదే సాయంత్రం అబ్దుల్ హమీద్‌కు ఫోన్ చేసింది. సౌదీలో పదేళ్లు చేసి వచ్చిన ఒకాయనను పక్కన కూర్చోబెట్టుకుని అరబీలో చెప్పించింది. అబ్దుల్ హమీద్ అంతా విన్నాడు. చెబుతానన్నాడు.

అప్పుడు గొర్రెలు ఈనుతున్నాయి. రోజుకు పది, పదిహేను. అడ్డం తిరిగిన పిల్లను చెయ్యి పెట్టి లాగాలి. తల్లి తన్నేసిన పిల్లకు ఇంకో తల్లి పాలు పట్టాలి. ఆ పని నాకు తప్ప ఎవరికీ రాదు.

పన్నెండో రోజున వచ్చి చెప్పాడు. పికప్ దిగలేదు. అద్దం దించి, నీ భార్య చనిపోయింది, దేవుడు దయ చూపుగాక అన్నాడు. ఎప్పుడని అడిగాను. ఈ మధ్యనే అన్నాడు. అతని పికప్‌లోనే సిగ్నల్ దొరికే దాకా పోయి స్వర్ణకు ఫోన్ చేశాను.

"నిన్ననే పదకొండో దినం అయిపోయింది" అంది. "పాలోళ్లందరి ముంగట ఫోన్ చేతిల పట్టుకొని కూసున్న. పొద్దుగూకేదాక కూసున్న."

నాకు ఇప్పుడే తెలిసిందన్నాను.

"మొదటి దినమే చెప్పిచ్చిన నాయినా. ఎవలకు జెప్తున్నవ్?" అని పెట్టేసింది.

నన్ను ఊరికి పంపలేదని కాదు నా కోపం. పేరు చెప్పడానికి విమానం అక్కర్లేదు. నోరు, ఫోను చాలు. ఆ ముప్పై కిలోమీటర్లు నడిచైనా పోయి చెప్పేవాణ్ని. పన్నెండో రోజు చెప్పిన ముక్క పదో రోజు చెబితే సరిపోయేది. జయకు ఏ గుర్తు చెప్పాలో నాకు ముందే తెలుసు. దాన్ని ఇక్కడ రాయను.

రెండు నెలల తర్వాత సెలవు ఇచ్చాడు. పోయాను. అప్పటికి జయ ధర్మపురి దగ్గర గోదావరిలో కలిసింది. స్వర్ణ అన్నం పెట్టింది, మాట్లాడలేదు. ఇరవై రోజులు ఉండి తిరిగి వచ్చేశాను. ఆ ఇంట్లో కూర్చుని ఏం చేయాలి?

ఇప్పుడు నాలుగేళ్లకు అబ్దుల్ హమీద్ నాకు గహ్వా పోశాడు.

మూడు రోజులకోసారి దొడ్డికి నీళ్ల ట్యాంకరు తెచ్చే యాదగిరి మా వైపువాడే, నిర్మల్. జయ పోయిన ఏడు ఖోబర్‌లో పనిచేసేవాడు, ఇటు వచ్చి రెండేళ్లు. అతనికి సంగతంతా చెప్పాను.

"వాని జుట్టు నీ చేతిల పడ్డది. ఇడువకే అన్నా" అన్నాడు. "ముందుగాల ఫైనల్ ఎగ్జిట్ కొట్టియ్యమను. ఫోన్ల చూసినంకనే నోరు తెరువు."

ఎగ్జిట్ కాదన్నాను.

"మరేం గావాలె? ఆయన గొర్లు గావాల్నా?"

ఒక మాట కావాలన్నాను. ఎల్లన్న భార్య చచ్చిన కబురు నేను పదకొండు రోజులు దాచాను అని అతను నలుగురిలో అనాలి.

యాదగిరి పైపు తొట్టిలో పడేసి నా మొహం చూశాడు. "మాటతోని ఏం జేస్కుంటవ్? ఉప్పేసుకొని నాకుతవా?"

"నువ్వు నీళ్లు వొయ్యి."

"పోస్త. పిచ్చోనికి గూడ పోస్త. కాని ఇను. వానికి కోపమొస్తే హురూబ్ పెడ్తడు. పనోడు పారిపోయిండని రాస్తే నీకు ఎగ్జిట్ లేదు, ఏం లేదు. అప్పుడు జైల్ల కూసోని అందరికీ తరాలు చెప్పు. అండ్ల తెలుగోళ్లు గూడ మస్తుగుంటరు."

అతని మాటలో అబద్ధం లేదు. అయినా బుధవారం అబ్దుల్ హమీద్ దొడ్డికి వచ్చినప్పుడు ఆ ఒక్క మాటే అడిగాను.

మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. ఎగ్జిట్ ఇస్తానన్నాడు, టికెట్ ఇస్తానన్నాడు, కొత్త ఫోన్ కొనిస్తానన్నాడు. ఎప్పుడో అయిపోయిన సంగతి, మన ఇద్దరి మధ్య సంగతి, దాన్ని పెద్దల మజ్లిస్‌లోకి ఎందుకు తెస్తావన్నాడు. అప్పుడు గొంతు మార్చాడు.

"నేను మొదటి రోజే చెబుదామనుకున్నాను. నాన్నే ఆపాడు. ఇప్పుడు చెబితే వాడు పనికిరాడు, మంద పోతుంది, ఈనడం అయ్యాక చెప్పు అన్నాడు. నీకు కోపముంటే ఆయన మీద పెట్టుకో."

తప్పును చచ్చినవాడి మీదికి నెట్టాడు అనుకోవాలని ఉండింది. కుదరలేదు. ఆ రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు ముసలాయన కొత్త పేరు ఏదీ చెప్పలేదు. ఒకే బావి సంగతి మూడు రోజులు చెప్పాడు. నేను లేపి కడుగుతుంటే కళ్లు మూసుకునేవాడు. నొప్పి అనుకున్నాను. నడుము కింద దిండు సర్దాను.

అన్నీ చెప్పేవాడు రావీ అన్న మనిషి.

"శుక్రవారం వస్తాను. నాకేం వద్దు" అన్నాను.

అబ్దుల్ హమీద్ మొహం విచ్చుకుంది. నేను మెత్తబడ్డానని అనుకున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "నాన్న నేర్పినట్టే చెప్పు. ఒక్క ముక్క కూడా వదిలిపెట్టకు" అన్నాడు.

"వదలను" అన్నాను.

హఫర్ బయట వాళ్ల విడిది ఇల్లు ఇస్తిరాహాలో కూర్చున్నారు. చుట్టూ గోడ, మధ్యలో పెద్ద హాలు, నేల మీద తివాచీలు. నలభై మంది దాకా ఉన్నారు. అందరిలో పెద్దవాడు అబూ నాసర్. కళ్లు కనపడవు. ఆయన పక్కన నవ్వాఫ్ పంతులు నోటు పుస్తకంతో, ఫోన్లో రికార్డు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి దాయాదుల్లో ఒకడు, మన తరాలు చెప్పడానికి ఇండియావాడు దిగాడా, పాకిస్తానీ దొరకలేదా అన్నాడు. నవ్వారు.

"నీ కారు జపాన్ వాళ్లది. అది నిన్ను మీ ఇంటికే తీసుకుపోతుంది కదా" అన్నాడు అబూ నాసర్. నవ్వు ఆగింది.

పద్ధతి ఆయనే చెప్పాడు. నేను ఒక్కో పేరు, దాని గుర్తు చెప్పాలి. పెద్దలు ఒప్పుకుంటే 'సదక్' అంటారు, నిజం చెప్పాడు అని. ఎక్కడైనా ఒక్క అబద్ధం తేలితే మొత్తం కొట్టేస్తారు. ఆ ఇంటికి ఇంకో అవకాశం ఉండదు.

మొదలుపెట్టాను. మా నాయన వాకిట్లో నిలబడ్డట్టే నిలబడ్డాను. ఫల్లాహ్ అన్నాను, ఇసుక అన్నాను, ఒంటె మీద తల్లి అన్నాను. సదక్ అన్నారు. నాహిస్, నలభై నిలువుల బావి. సదక్. సనద్ దగ్గర ఒక ముసలివాడు కళ్లు తుడుచుకున్నాడు. చెబుతున్నకొద్దీ మజ్లిస్ కదలడం మానేసింది. గహ్వా పోసేవాడు కూడా కూర్చుండిపోయాడు.

"దుగైమ్. బావి ఎండితే జబ్బుపడ్డ తమ్ముణ్ని గట్టు మీద వదిలి మంద తోలుకుపోయినవాడు. మత్‌లఖ్‌కు తండ్రి."

దాయాదులు లేచారు. మత్‌లఖ్ ఎవరి కొడుకో ఎవరికీ తెలియదు, దుగైమ్ పేరు తెచ్చి అతికిస్తున్నారు అన్నారు. అరుపులు అయ్యేదాకా అబూ నాసర్ చేతికర్ర మీద గడ్డం పెట్టుకుని విన్నాడు.

"అతికించేవాడు మంచి తండ్రిని అతికిస్తాడు" అన్నాడు. "ఆ బావి గట్టు సంగతి మా తాత నాకు చెప్పాడు. బయట ఎవరికీ తెలియదు. సిగ్గుపడాల్సిన తండ్రిని ఎవడూ అరువు తెచ్చుకోడు. సదక్."

అందరూ సదక్ అన్నారు. దాయాదులు కూర్చున్నారు. అబ్దుల్ హమీద్ కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచాననుకున్నాడు. గెలిచాడు కూడా. తర్వాతి పేరు చెప్పాను.

"మత్‌లఖ్. సరిహద్దు గీత గీసినప్పుడు అవతల పడ్డ బావి కోసం ఏడవనివాడు."

సదక్.

"గాజీ, మత్‌లఖ్ కొడుకు. కళ్లు మూసుకుని ఏ బావి ఎటుందో చెప్పగలిగినవాడు."

ఆ గుర్తు ముసలాయన తనకు తానే చెప్పుకున్నది. సదక్ అనడానికి పెద్దలు నోరు తెరిచారు. నేను ఆగలేదు.

"తనను కడిగే మనిషికి వాడి భార్య చావు కబురు చెప్పవద్దన్నవాడు. అబ్దుల్ హమీద్, గాజీ కొడుకు. ఎల్లన్న భార్య జయ చనిపోయిన కబురును పదకొండు రోజులు దాచి, పన్నెండో రోజున చెప్పినవాడు."

ఎవరూ సదక్ అనలేదు. దాయాదుల్లో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. అబూ నాసర్ గుడ్డి కళ్లు అబ్దుల్ హమీద్ ఉన్న వైపు తిరిగాయి.

"ఎల్లన్న ఎవరు?" అని అడిగాడు.

"నేనే" అన్నాను.

"అబ్దుల్ హమీద్, ఇది నిజమేనా?"

అబ్దుల్ హమీద్ నా వంక చూశాడు. అబద్ధం అంటే నేను అబద్ధాలకోరును అవుతాను. నేను అబద్ధాలకోరునైతే దుగైమ్ పోతాడు, మత్‌లఖ్ మళ్లీ ఎవరికీ పుట్టనివాడవుతాడు, తొమ్మిది తరాలూ కూలిపోతాయి. నిజం అంటే ఆ గుర్తు అతని పేరు పక్కన ఉండిపోతుంది. అతని మనవలకు మనవలు పుట్టినా ఉంటుంది. అతను లెక్క వేసుకోవడం నేను చూశాను. నాలుగేళ్లు దాని కోసమే బతికానని అప్పుడు అనిపించింది.

"సదక్" అన్నాడు.

"మీ నాన్న సంగతి?"

అది కూడా ఒప్పుకున్నాడు. "సదక్."

ఒక మూల నుంచి ఎవరో ముసలివాడు, గొర్రెలు ఎన్ని అని అడిగాడు. నాలుగు వందలు అన్నాడు అబ్దుల్ హమీద్. ముసలివాడు నాలుకతో చప్పుడు చేశాడు. అది గొర్రెల కోసమో, జయ కోసమో తెలియలేదు.

నవ్వాఫ్ పెన్ను ఆపాడు. ఈ పుస్తకంలో ఎక్కడా ఆడమనిషి పేరు లేదు, ఎలా రాయాలి అన్నాడు. ఒంటె మీద వచ్చిన ఫల్లాహ్ తల్లికి కూడా పేరు లేదు.

"పేరు లేకుండా ఎవరి చావు దాచాడని రాస్తావు? రాయి" అన్నాడు అబూ నాసర్.

నవ్వాఫ్ ఆ పేరు మళ్లీ చెప్పమన్నాడు. ఫోన్ నా నోటి దగ్గర పెట్టాడు. చెప్పాను. పుట్టింటి పేరు కూడా చెప్పాను. గుర్తు తెలుగులో చెప్పాను, ఎవరికీ అర్థం కాలేదు, అడగలేదు. ఇది చేర్చడం కాదు. చేర్చే రోజు నాలుగేళ్ల కిందే పోయింది. ఇది వేరేవాళ్ల పుస్తకం. మా వంశంలో జయ లేదు. వీళ్ల వంశంలో, వీళ్ల సిగ్గు పక్కన ఉంది.

గాజీని వదిలేసి ఉండాల్సిందని తర్వాత యాదగిరి అన్నాడు. చచ్చినోడు గదనే అన్నాడు. వదిలేస్తే తక్కినవన్నీ అబద్ధమవుతాయి అన్నాను.

ఆ రికార్డు నవ్వాఫ్‌ను అడిగి తీసుకుని, హఫర్ దాటకముందే స్వర్ణకు పంపాను. అప్పుడు అరబీలో చెప్పించిన ఆయనతోనే అర్థం చెప్పించుకో అని రాశాను. కాసేపటికి రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. నాలుగేళ్లు నమ్మని పిల్ల ఒక్క పూటలో నమ్మదు. నా కూతురే కదా.

హురూబ్ పెడతాడనుకున్నాను. ఆ నలభై మంది ముందు సదక్ అన్నాక అది కూడా చేయలేకపోయాడు. శనివారం పొద్దున తన దగ్గర పెట్టుకున్న నా పాస్‌పోర్టును డ్రైవర్‌తో దొడ్డికి పంపించాడు. ఫైనల్ ఎగ్జిట్ కొట్టాను, నీ మొహం నాకు కనపడకూడదు అని డ్రైవర్‌తో చెప్పించాడు. నేను అడగలేదు. అతనే కొట్టాడు. పంతొమ్మిదేళ్లకు నాకున్నది ఒక సంచి. దాన్ని సర్దడానికి చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు.

నీళ్లు పోసి తిరిగి వెళ్తున్న యాదగిరి ట్యాంకరులో ఎక్కాను. దొడ్డి పక్క నుంచి పోతుంటే చూశాను. గొర్రెల పొదుగులు దిగాయి. ఒక మూల రెండు పడుకుని నేలను కాలితో గీరుతున్నాయి. ఇంకో రెండు రోజుల్లో మంద మొత్తం మొదలుపెడుతుంది. కోపంలో అబ్దుల్ హమీద్ గొర్రెలను మరిచిపోయాడు. నేను గుర్తు చేయలేదు.

మట్టిదారి దాటి పైపులైను రోడ్డు ఎక్కగానే సిగ్నల్ వచ్చింది. ఫోన్ మోగింది. అబ్దుల్ హమీద్. ఎత్తలేదు. మళ్లీ మోగింది. నాలుగోసారికి మోగడం ఆపి, మాట రికార్డు చేసి పంపాడు. తమ్ముడూ, గొర్రెలు ఈనబోతున్నాయి, కొత్త మనిషి వచ్చేదాకా పది పన్నెండు రోజులు ఆగు, ఎగ్జిట్‌కు రెండు నెలల గడువు ఉంది కదా అన్నాడు. ఎల్లన్న తమ్ముడూ అన్నాడు. పేరు పూర్తిగా, సరిగ్గా పలికాడు.

యాదగిరి బండి నెమ్మది చేశాడు. "గొర్లేం పాపం జేసినయే అన్నా. ఎత్తరాదు" అన్నాడు.

ఫోన్ మళ్లీ మోగుతోంది. జేబులో పెట్టుకున్నాను.

"ఎత్తుత" అన్నాను. "పన్నెండో దినం ఎత్తుత."